బంధుత్వం: లేదు

దమ్మపేట
11 జులై 2024

జగదీష్ భియాకు,

బాపు నన్ను పంపించాడా, ఇచ్చేశాడా?

ముప్పై ఐదేళ్లుగా ఈ ప్రశ్నను మోస్తున్నాను. బాపు ఉన్నన్నాళ్లూ అడగలేదు. అమ్మను, మన యాడిని, ఒకసారి అడగబోయి, ఆమె మొహం చూసి, మిరపతోట ఎట్లా ఉందని అడిగి ఊరుకున్నాను. ఇప్పుడు ఇద్దరూ లేరు. నన్ను చదువు కోసం నేలకొండపల్లిలో వెంకటప్పయ్య మాస్టారింట్లో వదిలిన ఏడు నాకు తొమ్మిదేళ్లు, నీకు పదమూడు. అన్నవు, నీకు గుర్తుండే ఉంటుంది. నాకు గుర్తున్నది రెండే. బస్సు దగ్గర యాడి ఢావ్లో పాడింది. పెళ్లికూతురు అత్తారింటికి పోయేటప్పుడు పాడే ఏడుపు పాటను తొమ్మిదేళ్ల పిల్లకు ఎవరు పాడతారు? రెండోది, ఆ తర్వాత మూడేళ్లు మీలో ఒక్కరు కూడా రాలేదు.

ఫోన్‌లో అడగొచ్చు కదా అంటావు. మీ ఆశ్రమ పాఠశాల దగ్గర సిగ్నల్ కావాలంటే నువ్వు గుట్ట ఎక్కాలి. ఎక్కాక మనం పది నిమిషాల్లో పోట్లాడుకుంటాం, నువ్వు మళ్లీ గుట్ట దిగాలి. కాగితం మీదైతే నేను అడ్డు తగలను. మన లంబాడీల గోర్ మాటకు లిపి లేదు కాబట్టి తిట్టుకోవాలన్నా తెలుగులోనే తిట్టుకోవాలి. తెలుగులో మనిద్దరం కాస్త మర్యాదస్తులం.

ఇప్పుడే ఎందుకంటే, మా పామాయిల్ ఫ్యాక్టరీ ఈ ఏడు ఒక పథకం పెట్టింది. ఉద్యోగులు వారానికి ఒక పూట, జీతం కోయకుండా, దగ్గర్లోని సర్కారు బడికి పోయి పదో తరగతి పిల్లలకు మెంటార్లుగా ఉండొచ్చు. ఒక్కొక్కరికి ఒక విద్యార్థి. పాఠం చెప్పాలి, పైన ఏం చదువులున్నాయో చెప్పాలి, పరీక్ష భయం పోగొట్టాలి. ఇరవై ఏళ్లుగా ల్యాబ్‌లో నూనెలో ఆమ్లం ఎంతుందో చూస్తూ కూర్చున్నదాన్ని, అందరికంటే ముందు పేరిచ్చాను. నాకు గురువారం మధ్యాహ్నం ఇచ్చారు. సోని అనే పిల్లనిచ్చారు. పక్క తండా పిల్ల. వాళ్ల నాన్న మా ఫ్యాక్టరీకే ట్రాక్టర్ మీద గెలలు తోలుతాడు. మొదటి గురువారం ల్యాబ్ సామాను కొంత పట్టుకుపోయి, చుక్క చుక్కగా ద్రావణం వదులుతూ గులాబీ రంగు ఏ చుక్కకు నిలబడుతుందో చూపించాను. మూడోసారికే సరిగ్గా ఆ చుక్క దగ్గర చెయ్యి ఆపింది. నాకు కాలేజీలో అది ఏడాది పట్టింది.

తర్వాత తల్లిదండ్రుల సంతకం కోసం ఫారం ఇంటికి పంపాం. అందులో ఉన్న వాక్యం ఇది: "హేమలత గారు మా అమ్మాయి సోనిని దత్తత తీసుకొనుటకు మాకు పూర్తి సమ్మతము." సోని ఇంట్లో బయటికి చదివింది. మర్నాడు వాళ్ల నాయనమ్మ కమ్లి బడికి వచ్చి, క్లాసులోంచి పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. వారమైంది. సోని బడికి రావడం లేదు.

మా ఆఫీసులో దత్తత అంటే ఒక మర్యాద మాట. ఊరిని దత్తత తీసుకుంటారు, బడిని తీసుకుంటారు, పార్కును తీసుకుంటారు. నేను కూడా ఆ వాక్యం చదివే కింద సంతకం పెట్టాను. తండాలో పుట్టి, ఆ మాట దగ్గర నా చెయ్యి ఎందుకు ఆగలేదో తెలియడం లేదు.

నిజం రాయి. అందంగా రాయనక్కర్లేదు.

హేమ

---

చర్ల
27 జులై 2024

చాందికి,

కంపెనీలో నువ్వు హేమలతవు కావచ్చు, నాకు చాందివే. వెండిని బంగారం చేసిన అని మాస్టారు నీ పేరు మార్చి మురిసిపోయిండు గాని, యాడి వెండినే కన్నది.

నీ ఉత్తరం పన్నెండు రోజులకు అందింది. గోదావరి పొంగి రోడ్డు మునిగింది. శనివారం సంతకు బడి కూరగాయల కోసం చర్ల వచ్చి, పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని రాస్తున్న.

రెండుసార్లు చదివిన. నువ్వు కోపానికి రావద్దు. నీకు, భాస్కర్ బావకు పిల్లలు లేరని నాకెంత బాధో నీకు తెల్వదు. పెంచుకోవాలని ఉంటే నన్ను అడగాల్నా, వద్దా? మన చుట్టాల్లోనే ఇద్దరు ముగ్గురు ఉన్నరు. ఎవరో తండా పిల్లను, అదీ పదో తరగతికి వచ్చిన పిల్లను, కంపెనీ కాగితం మీద రాయించుకుంటే ఆ నాయనమ్మ ఊకుంటదా? పెద్ద చదువు చదివినదానివి, గిట్ల తొందరపడితే ఎట్ల.

కంపెనీల దత్తత సంగతి నన్నడుగు. మా బడిని ఇప్పటికి ముగ్గురు దత్తత తీసుకున్నరు. ఒకళ్లు నోటుబుక్కులు, ఒకళ్లు నీళ్ల డ్రమ్ము, ఒకళ్లు ఒట్టి ఫోటో. ఏ పిల్లకూ ముగ్గురు తండ్రులుండరు గాని మా బడికి ఉన్నరు, ఒక్కడన్నా మళ్లీ మొహం చూపియ్యలే. మా కోయ పిల్లలు ఫోటోకు ఎట్ల నవ్వాల్నో మాత్రం బాగా నేర్చుకున్నరు.

బాపు సంగతి అడిగినవ్. పంపిండు. అంతే. పాతవి తవ్వితే ఏమొస్తది.

బావకు నమస్తే చెప్పు.

జగదీష్

---

దమ్మపేట
8 ఆగస్టు 2024

భియా,

నీ ఉత్తరం భాస్కర్‌కు చూపించాను. ఆయన చాలాసేపు నవ్వాడు. నేను నవ్వలేదు. నాకు పిల్ల కావాలని ఎక్కడ రాశాను? గురువారం రెండు గంటలు కెమిస్ట్రీ చెప్పడానికి పోతున్నానని రాశాను. నా అన్నవు, అదీ మాస్టారివి, నువ్వే ఆ మాటను అట్లా చదివితే కమ్లిని ఏమనగలను? ఏమీ అనలేకే తండాకు పోయాను.

కమ్లి నులకమంచం మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"వచ్చినవా? ఏలిముద్ర కోసమా?" అంది.

కాదన్నాను. నేను కూడా తండా పిల్లనేనని గోర్ మాటలో చెప్పాను. నా మాట తుప్పు పట్టిందని నాకే వినిపించింది.

"జీపులో వచ్చినోళ్లు గూడ మన మాటనే మాట్లాడిండ్రు," అంది. తర్వాత నా మొహం చూడకుండా చెప్పింది. ఆమె అక్కకు వరసగా మూడో ఆడపిల్ల పుట్టినప్పుడు జీపులో ఎవరో వచ్చారట. పిల్ల పట్నంలో మంచిగ పెరుగుతది, మీరు ఎప్పుడన్నా చూసిపోవచ్చు అన్నారట. కాగితం మీద ఏలిముద్ర తీసుకున్నారట. ఆ కాగితంలో ఏముందని ఊళ్లో పంతుల్ని అడిగితే దత్తత అని చెప్పాడట. "మా అక్క సచ్చేదాక జీపు సప్పుడైతే బయటికొచ్చి నిలబడేది. ఇగ మా ఇంట్ల ఎవ్వరం ఏలిముద్ర ఎయ్యం."

నేను కూడా గింజలు తీయడం మొదలుపెట్టాను. నా చేతి వైపు చూసి, "సరిగ తీస్తలేవు," అంది. ఇంకొంచెం సేపయ్యాక, "పేరేంది?"

"హేమలత."

"గిదేం తండా పేరు?"

"చాంది."

"ఎవరింటిదానివి?"

బానోత్ వాళ్లమన్నాను. గింజలు పక్కన పెట్టి మొదటిసారి నన్ను సరిగ్గా చూసింది. వాళ్లూ బానోతులే. "ఇంటిపేరు ఒక్కటే. మా కొడుకు నీకు అన్న అయితడు. సోనికి నువ్వు ఫూఫివి. గీ మాట ముందు చెప్పక, దత్తత గిత్తత అని కాగితాలు పంపుతవా? మేనత్త కోడల్ని సదివియ్యాల్నంటే కాగితమెందుకు?"

తర్వాత జొన్నరొట్టె పెట్టింది. షరతు కూడా పెట్టింది. ఫూఫిగా వస్తే రావొచ్చు, పిల్ల బడికి వస్తుంది. కంపెనీ మనిషిగా వస్తే గడప దాటనివ్వదు. సోని తలుపు వెనక నిలబడి అంతా వింటోంది. నేను లేస్తుంటే, "ఫూఫీ, గురువారం ఆ గులాబీ రంగు మందు తెస్తవా?" అంది.

ఎంత సంతోషంతో ఫ్యాక్టరీకి వచ్చానో. వచ్చి ఫారం మళ్లీ తీశాను. రెండో పేజీ: "మెంటార్‌కు విద్యార్థితో గల బంధుత్వం." దాని కింద చిన్న అక్షరాల్లో నియమం. మెంటార్‌కు విద్యార్థితో ఎటువంటి బంధుత్వమూ ఉండరాదు.

మేనత్తనైతే తప్ప తండా రానివ్వదు. మేనత్తనైతే కంపెనీ పోనివ్వదు. ఏం చేయను?

నా ప్రశ్నకు నువ్వు జవాబు రాయలేదు. "పంపిండు, అంతే" అన్నది జవాబు కాదు. "అంతే" దగ్గర నీ పెన్ను ఒత్తుకుపోయి కాగితం వెనక తేలింది.

హేమ

---

చర్ల
24 ఆగస్టు 2024

చాంది,

తప్పైంది. బావ నవ్విండంటే నాకింకా సిగ్గు అయితాంది.

కమ్లి అవ్వ మాట నాకు నచ్చింది. నా ఉద్యోగం ఆమెకిస్తే బడి ఇంకా బాగ నడుస్తది.

ఫారం గురించి ఇంత ఆలోచన ఎందుకు? తండాకు అవ్ అను, కంపెనీకి లేదు అను. నేను నెలకు నలభై కాగితాలు పైకి పంపుత. మరుగుదొడ్లున్నయా అంటే ఉన్నయి. నీళ్లొస్తున్నయా అంటే వస్తున్నయి. కాగితానికి ఏం కావాల్నో అది రాస్తే అది మన జోలికి రాదు. అయినా ఇంటిపేరు ఒక్కటైతే చుట్టరికం అని కంపెనీకి ఎట్ల తెలుస్తది? సోనికి నువ్వు తోడబుట్టిన మేనత్తవు కాదు గద. "లేదు" అని రాసెయ్. రెండక్షరాలు.

బడిలో జ్వరాలున్నయి. తొందరలో ఉన్న.

జగదీష్

---

దమ్మపేట
26 సెప్టెంబర్ 2024

భియా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఊరికే చేయలేదు, ముందు సాయికిరణ్‌ను అడిగాను. మా హెచ్‌ఆర్ మేనేజర్, సత్తుపల్లి కుర్రాడు, చెడ్డవాడేం కాదు. ఇంటిపేరు కలిస్తే మాలో తోబుట్టువుల లెక్క అని చెప్పాను.

"మేడం, అట్లా అయితే మా కమ్మోరి పిల్లలందరికీ నేను బాబాయినే అవుతాను. ఇంక ఎవరికి మెంటార్‌గా ఉండాలి?" అన్నాడు. "ఎవరి వాళ్లను వాళ్లు చూసుకోకూడదనే కదా ఆ రూల్ పెట్టింది. బంధుత్వం ఉందని రాస్తే సోనిని అకౌంట్స్ దీపికకు మార్చాలి. నాకు వేరే దారి లేదండి."

దీపిక మంచిదే. కానీ ఆమె పోతే కమ్లి తలుపు తీయదు, సోని మిరప కోతకు పోతుంది. అది తెలిసీ పట్టుబట్టితే నా మాట నిలుస్తుంది గాని పిల్ల చదువు నిలవదు. రెండు వారాలు ఫారం సొరుగులో ఉంచుకున్నాను. దత్తత అన్న మాటైనా తీసేయమన్నాను. బ్యానర్లు అచ్చయిపోయాయన్నాడు. చివరికి రాశాను. బంధుత్వం: లేదు. నువ్వన్నట్టు రెండక్షరాలు. ఇంట్లోవాళ్ల సంతకం కూడా కమ్లికి తెలియకుండా సోని తండ్రి చేత ట్రాక్టర్ దగ్గరే పెట్టించాను. అది ఇంకో తప్పు.

ఫారంలో విద్యార్థి సంతకం కూడా ఉంటుందని మర్చిపోయాను. సోని సంతకం పెట్టబోతూ పై పేజీ తిప్పింది. ఆ పిల్ల ప్రతిదీ చదువుతుంది, చదవమని చెప్పింది నేనే.

"ఫూఫీ, గిదేంది, లేదని రాసినవ్?"

"కాగితం మీద అంతే," అన్నాను.

సంతకం పెట్టింది. ఆ తర్వాత వారం బడికి పోతే లేచి నిలబడి, "నమస్తే మేడం," అంది. ఈ రోజు కూడా మేడమే. లెక్కలన్నీ సరిగ్గా చేసింది. ఒక్కసారి కూడా తల ఎత్తి నవ్వలేదు.

నవంబర్ పద్నాలుగున ఫ్యాక్టరీలో సభ ఉందట. మెంటార్లందరం పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని ప్రతిజ్ఞ చదవాలట.

లేదు అని రాయడం నీకు అంత తేలికగా ఎట్లా వచ్చింది భియా? నిజంగానే అడుగుతున్నాను. తిట్టడానికి కాదు. కొంచెం తిట్టడానికే.

హేమ

---

చర్ల
5 అక్టోబర్ 2024

చాంది,

నీ ఉత్తరం చదివి అన్నం తినలే. గుట్ట ఎక్కి నీకు మూడుసార్లు ఫోన్ చేసిన. మూడోసారి కలిసింది, నువ్వు హలో అన్నవ్, నేను పెట్టేసిన. నోరు రాలే. రాస్త.

నేలకొండపల్లి బడిలో నిన్ను చేర్పించినంక మాస్టారు దరఖాస్తు నకలు ఒకటి బాపుకిచ్చిండు. బాపు దాన్ని తువ్వాలులో చుట్టుకుని తండాకు తెచ్చిండు. ఎనిమిదో తరగతి చదివేటోన్ని నేనొక్కన్నే. వాకిట్ల అందరు కూర్చున్నరు, నన్ను చదువుమన్నరు. నేను గట్టిగ చదివిన. పేరు హేమలత. సంరక్షకుడు వెంకటప్పయ్య. బంధుత్వం లేదు.

"హేమలత ఎవరు?" అన్నది యాడి. మన చాందినే, పేరు మార్చిండ్రు అన్న. "బంధుత్వం లేదంటే?" అన్నడు బాపు.

మాస్టారుకు నీకు చుట్టరికం లేదని దానర్థం. ఇప్పుడు మూడో తరగతి పిల్ల కూడ చెప్తది. నాకు అప్పుడు పదమూడేళ్లు. పేరు మార్చిండ్రు, సంరక్షకుడు ఆయనే అని రాసిండ్రు, కింద బంధుత్వం లేదని ఉంది. నాకు ఎట్ల అర్థమైందో అట్లనే చెప్పిన. "ఇగ పిల్లకూ మనకూ బంధుత్వం లేదంట బాపూ."

యాడి లేచి, కాగితం చింపి పిల్లను తెచ్చుకుందాం పా అన్నది. బాపు దాన్ని మళ్ల తువ్వాలులో చుట్టి, "చింపితే దాని సదువు చినుగుతది," అన్నడు. అంతే. మూడేళ్లు నేలకొండపల్లి దిక్కు పోలే. ఆ ఊరి మీదుగ పోయే బస్సు ఎక్కలే.

నేను ఇంటర్ల చేరేటప్పుడు నా ఫారం నేనే నింపుకున్న. సంరక్షకుడు రూప్‌సింగ్. బంధుత్వం అని వచ్చింది. తండ్రి అని రాసిన. రాసినంక పెన్ను ఆగిపోయింది. ఇంటికొచ్చి బాపుకు చెప్పిన. కొట్టలే. తిట్టలే. తువ్వాలు దులిపి బస్సుకు పోయిండు.

నీకు "లేదు అని రాసెయ్" అని సలహా ఇచ్చిన నాకు సిగ్గు లేదు. ఒక్కసారి ఆ మాట నా నోటి నుంచి వస్తే నీకు మూడేళ్లు పోయినయి. రెండోసారి గూడ నేనే అన్న.

నువ్వు అడిగినదానికి జవాబు నాకు నిజంగనే తెల్వదు. బాపు పంపిండు. నేను చదివి ఇచ్చేసినట్టు చేసిన.

జవాబు రాయకున్నా సరే.

జగదీష్

---

దమ్మపేట
21 నవంబర్ 2024

భియా,

ఆరు వారాలు రాయలేదు. కోపం వల్ల కొంత, ఏం రాయాలో తెలియక కొంత.

బాపు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పన్నెండేళ్ల పిల్లను. ఆదెమ్మ గారు, మాస్టారి భార్య, ముగ్గు పెట్టమంటే వాకిట్లో ముగ్గు పెడుతున్నాను. తలెత్తి చూసి, "రండి, కూర్చోండి," అన్నాను, తెలుగులో. ఆ ఇంట్లో వచ్చినవాళ్లందరినీ అట్లాగే పిలవమని నేర్పారు. బాపు కూర్చోలేదు. ఎండలో నిలబడే నన్ను చూసి, వేరుశనగల మూట గుమ్మంలో పెట్టి పోయాడు. ఇంతకాలం ఆయనకు నా మీద ప్రేమ లేదనుకున్నాను. ఆ "రండి"లో నేను కూడా బంధుత్వం లేదన్నానని నీ ఉత్తరం చదివాకే తెలిసింది.

నీ ఉత్తరం అందిన మర్నాడే సాయికిరణ్ దగ్గరికి పోయి నా ఫారం వెనక్కి ఇమ్మన్నాను. హైదరాబాద్ పోయిందన్నాడు. ఇంకోటి ఇమ్మన్నాను. ఒకసారి ఇచ్చాక మార్చడం కుదరదన్నాడు. సరే, సభలో చెప్తానన్నాను. సరదాకు అంటున్నాననుకున్నాడు.

పద్నాలుగో తేదీ గురువారమే పడింది. ఫ్యాక్టరీ ఆవరణలో షామియానా వేశారు. "ఒక ఉద్యోగి, ఒక దత్తత" అని బ్యానర్ కట్టారు. సోనిని తీసుకుని కమ్లి వచ్చి ముందు వరసలో, హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దసారు పక్క కుర్చీలో కూర్చుంది. ఎవరో లేవమంటే, "కాళ్లు నొప్పులు," అంది. ఒక్కొక్కరూ పోయి ప్రతిజ్ఞ చదువుతున్నారు. నా వంతు వచ్చింది. కాగితం తీసుకున్నాను.

"నేను సోనిని దత్తత తీసుకోలేదు," అన్నాను. "ఆ పిల్లకు తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, నాయనమ్మ ఉంది. నేను మేనత్తను. ఫారంలో బంధుత్వం లేదని రాశాను, అబద్ధం రాశాను. మా నాన్న ఒకసారి ఆ మాట విని మూడేళ్లు నన్ను చూడటానికి రాలేదు. అందుకని దాన్ని ఇక్కడ అందరి ముందు కొట్టేస్తున్నాను."

చప్పట్లు రాలేదు. సాయికిరణ్ మైకు అందుకోబోయాడు. అప్పుడు కమ్లి కూర్చున్నచోటు నుంచే, "ఏమన్నది?" అని సోనిని అడిగింది. సోని గోర్ మాటలో చెప్పింది. కమ్లి పెద్దసారు వైపు తిరిగి, "గిది మా పిల్ల. గామె గూడ మా పిల్లనే. ఇద్దర్ల ఎవర్ని తీస్కపోతవ్?" అంది. ఆయన నవ్వాలో వద్దో తెలియక బ్యానర్ వైపు చూశాడు.

నన్ను పథకంలోంచి తీసేశారు. తప్పుడు వివరాలిచ్చానని కాగితం ఇచ్చారు. అది నిజమే, సంతకం పెట్టి తీసుకున్నాను. గురువారం పూట రద్దయింది. దీపికను పంపుతామన్నారు. తనకు ఇప్పటికే ఒక పిల్ల ఉందని, ఇంకొకరిని తీసుకోలేనని దీపిక రాసిచ్చింది. నేనేమీ అడగలేదు. మర్నాడు నా టేబుల్ మీద పదో తరగతి గైడ్ పెట్టిపోయింది.

ఈ రోజు గురువారం. పొద్దున్నే సగం రోజు సెలవుకు ఫారం పెట్టాను. కారణం అన్నచోట "మేనకోడలి చదువు" అని రాశాను. సాయికిరణ్ దాన్ని రెండుసార్లు చదివాడు.

"సెలవు మీ హక్కు మేడం. కానీ జ్వరం అని రాయొచ్చు కదా."

"జ్వరం లేదు," అన్నాను.

సంతకం పెట్టాడు. మార్చి దాకా ప్రతి గురువారం పెడతాడు. బంధుత్వం ఉండరాదన్న కంపెనీయే వారం వారం నా బంధుత్వం కింద సంతకం చేస్తుంది. సెలవులు అయిపోతే జీతం కోయించుకుంటాను. భాస్కర్‌కు చెప్పాను. "నీతో వాదించేంత చదువు నాకు లేదు," అన్నాడు.

నిన్ను క్షమించానో లేదో అడగకు. పదమూడేళ్ల పిల్లవాడిని ఎప్పుడో క్షమించాను. నలభై ఎనిమిదేళ్ల మనిషి మీద ఇంకా కోపం ఉంది. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు?

బడికి ఆలస్యమవుతోంది.

చాంది

---

చర్ల
11 జనవరి 2025

చాంది,

పేరు చూసి పోస్టాఫీసులనే కూర్చుండిపోయిన. ఇన్నేళ్లకు.

ఎందుకు చెప్పలేదంటే, చెప్తే నువ్వు నా చెల్లెవు కాకుండ పోతవని భయం. బంధుత్వం లేదు అని రెండోసారి వినాల్సి వస్తదని.

నేను గూడ ఒక పని చేసిన. ఒక కంపెనీవాళ్లు బ్యానర్ పట్టుకుని వచ్చిండ్రు. దత్తత అన్న మాట ఉంటే గేటు తియ్య అన్న. "మరి ఏం రాయమంటరు సార్?" అన్నరు. నాకూ తోచలే. చివరికి ఉత్త తెల్లగుడ్డ కట్టి ఫోటో దిగిండ్రు. పిల్లలు మాత్రం ఎప్పటిలెక్కనే నవ్విండ్రు. అయితే అందులో ఒక ఇంజినీర్ పిల్ల ఉన్నది. మళ్ల వారం ఒక్కతే వచ్చింది, ఫోటో తీసేటోళ్లు లేకుండ. పిల్లలకు సోలార్ దీపం విప్పి చూపిచ్చి పోయింది. అందరినీ ఒక్క గాటన కట్టి తిట్టిన గద నేను, ఆ మాట వాపసు.

సోనికి ఇంగ్లీషు ఎట్లున్నది? నా పాత నోట్సు బస్సులో పంపుతున్న, భద్రాచలంలో తీసుకో.

జగదీష్

---

దమ్మపేట
20 మార్చి 2025

భియా,

రేపటి నుంచి పరీక్షలు. ఈ రోజు ఆఖరి గురువారం. సెలవు ఫారాలన్నీ ఒక కవరులో దాచాను, ఎందుకో నాకే తెలియదు. సాయికిరణ్ పోయిన వారం సంతకం పెడుతూ, "మీ మేనకోడలు పాసవుతుందా మేడం?" అన్నాడు. ఫారంలో లేకుండా ఆయన నోటితో ఆ మాట అనడం అదే మొదటిసారి. వచ్చే ఏటి కాగితంలో దత్తత అన్న మాట తీసేశారట. నియమం మాత్రం అట్లాగే ఉంది.

ఆ నియమం గురించి నీకు ఒకటి చెప్పాలి. మైకు ముందు అంత ధైర్యంగా మాట్లాడాను కదా, ఇంటికొచ్చాక అనుమానం పట్టుకుంది. సోని పక్క బెంచీలో ఒక కోయ పిల్ల కూర్చుంటుంది. నేను చెప్పేది చెవి ఒగ్గి వింటుంది. మా ఫ్యాక్టరీలో ఆ పిల్లకు ఏ ఫూఫీ లేదు. చుట్టరికం ఉంటేనే తలుపు తీస్తే ఆ పిల్ల ఏం కావాలి? నియమం రాసినవాడు ఆ పిల్లను తలుచుకునే రాశాడేమో. ఇప్పుడు ఇద్దరినీ కూర్చోబెట్టుకుంటున్నాను. ఆ పిల్ల నన్ను మేడం అనే అంటుంది. అది కూడా బాగానే ఉంది. అయినా సభలో అన్న మాట వెనక్కి తీసుకోను.

ఈ రోజు కమ్లి బడికి వచ్చింది. సోని ఇంటర్ చదవాలంటే ఖమ్మం పోవాలి, హాస్టల్‌లో ఉండాలి. దరఖాస్తు నేనే తెచ్చాను. సంరక్షకుల చోట నా పేరు రాయమంది. బంధుత్వం దగ్గర సోని తనే పెన్ను తీసుకుని "మేనత్త" అని రాసింది. ఇంక కింద ఇంటి పెద్ద ఏలిముద్ర మిగిలింది. కొడుకు సంతకం చాలన్నాను. తనే వేస్తానంది. ఇంక్ ప్యాడ్ దగ్గర వేలు పెట్టి ఆగింది.

"చాందీ, నువ్వు సదువుకున్నదానివి. నేను గిప్పుడు పిల్లను పంపుతున్ననా, ఇస్తున్ననా?"

నేను ఎవరికీ చెప్పలేదు భియా ఆ ప్రశ్న. నీకు తప్ప.

"తెలియదు పెద్దమ్మా," అన్నాను.

"కాగితాలు పట్టుకుని వచ్చినోళ్లు చానమంది. తెల్వదన్నోళ్లు ఇంతవరకు రాలే," అంది. ఏలిముద్ర వేసింది. తర్వాత వేలు చీర కొంగుకు తుడుచుకుని, పిల్లను నెలకు రెండుసార్లు ఇంటికి తేవాలని, తేకపోతే తనే హాస్టల్ గేటు దగ్గర కూర్చుంటానని, వార్డెన్ లేవమంటే కాళ్లు నొప్పులని చెప్తానని అంది. సోని నవ్వింది.

మళ్లీ మొదటికి వస్తున్నాను. బాపు నన్ను పంపాడు, అది నువ్వు చెప్పావు. కానీ మూడేళ్లు నన్ను ఇచ్చేశాననే అనుకున్నాడు, అనుకుని కూడా కాగితం చింపలేదు. చింపి నన్ను తెచ్చుకుని ఉంటే నేనీ ఉత్తరం రాయగలిగేదాన్ని కాదు. చింపనందుకు ఆయనకు దణ్ణం పెట్టాలో, యాడిలాగా "పిల్లను తెచ్చుకుందాం పా" అని ఆయన మీద అరవాలో నాకు తెలియడం లేదు. ల్యాబ్‌లో ఏ చుక్కకు రంగు నిలిచిందో చెప్పగలను. ఇది మాత్రం తేల్చుకోలేకపోయాను. సోని విషయంలో కూడా.

నోట్సు అందాయి. నీ దస్తూరి ఎప్పటిలాగే అన్యాయంగా ఉంది.

నీ చెల్లెలు